ఉరికినంక దుంకుడు

తెలంగాణలో పోలీసు ఉద్యోగం కావాలంటే మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. 2022 నోటిఫికేషన్‌తో వచ్చిన లెక్కలివి. అంతకుముందున్న వంద మీటర్ల పరుగును, హైజంప్‌ను తీసేశారు. పరుగులో గట్టెక్కినవాళ్లకే ఎత్తు కొలుస్తారు. ఆ తర్వాత లాంగ్ జంప్, షాట్‌పుట్. మగవాళ్లు 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడవాళ్లు రెండున్నర మీటర్లు దూకి, 4 కిలోల గుండును 4 మీటర్లు విసరాలి. పిల్లలు వీటన్నిటినీ కలిపి ‘ఈవెంట్స్’ అంటారు.

అంటే ఇక్కడ దూకాల్సిన కాళ్లు అప్పటికే ఉరికి వచ్చిన కాళ్లు. ఒళ్లు అలిసేదాకా ఉరికిన కాలిలో ఎంత బలం మిగులుతుంది? మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఇది తీరిక ఉన్నవాళ్లు వేసుకునే ప్రశ్న కాదు. గోదావరి ఉత్తరానికి తిరిగి పారే ఈ ఊరి చుట్టుపక్కల, ఇటు సింగరేణి పల్లెల నుంచి అటు కోటపల్లి అడవి అంచు దాకా, సర్కారు కొలువు కోసం తెల్లారకముందే రోడ్డెక్కే పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. 2018 తర్వాత నోటిఫికేషన్ మళ్లీ పడింది 2022లో. అయిదు సెంటీమీటర్లు తక్కువ దూకి తిరిగొచ్చిన పిల్లవాడు పోగొట్టుకునేది ఒక పొద్దు కాదు, నాలుగేళ్లు. అందుకే ఈ సంగతి తేలిగ్గా తీసుకోదగ్గది కాదని నా నమ్మకం.

కింద మాట్లాడుకునే ఇద్దరూ నేను కల్పించినవాళ్లు. మామ చెన్నూరులో ఉంటాడు, వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాడు. డబ్బులు తీసుకోకుండా పిల్లలను గ్రౌండులో తయారుచేస్తాడు. మేనకోడలు కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టు, పండుగకు ఊరికి వచ్చింది. మనుషులే కల్పన, వాళ్లు చెప్పుకునే కొలతలు కావు.

మామ: నా పోరగాండ్ల మనసు ఖరాబు చేస్తున్నవు బిడ్డా. దుంకే రోజుకు ముంగటి రోజు పెద్ద రన్నింగ్ వద్దని చెప్పినవట. ఇన్నేండ్ల సంది గ్రౌండుల నిలబడ్డోన్ని చెప్తున్న, కాలుకు బలం ఉరికితేనే వస్తది. అలిసేదాక ఉరకాలె, అలిసినంక ఇంకో రౌండు ఉరకాలె. ఆ ఆఖరి రౌండుల వచ్చేదే అసలు బలం.

మేనకోడలు: చెప్పిన మామా, మళ్ల చెప్త. ఉరికేటప్పుడు బలం రాదు, పోతది. వచ్చేది ఉరికినంక, తిని పండుకున్నప్పుడు. ఎంత పోతదో కొలిచిన్రు గూడ.

మామ: బలాన్ని ఎట్ల కొలుస్తరు?

మేనకోడలు: కుర్చీల కూసోబెట్టి మడిమె కాడ పట్టీ కడ్తరు. పట్టీకి బరువు కొలిచే మిషిను ఉంటది. ‘ఎంత సత్తువ ఉంటె అంత ఎయ్యి, కాలు ముంగటికి తన్ను’ అంటరు. అది ఉరకకముందు ఒకసారి, ఉరికినంక ఒకసారి. తొడ ముంగటి కండ బలం అట్ల తెలుస్తది. పిక్క బలానికి పాదం కిందికి వత్తిస్తరు. 2009ల ఆల్ప్స్ కొండల్ల మోఁ బ్లాఁ చుట్టు ఉరికే పోటీల 22 మందిని గిట్లనే కొలిచిన్రు. 166 కిలోమీటర్ల దూరం, తొమ్మిదిన్నర వేల మీటర్ల ఎక్కుడు. పోటీ అయినంక తొడ బలం 35 శాతం, పిక్క బలం 39 శాతం తగ్గింది. వాళ్లు మామూలోళ్లు కాదు, ఏండ్లకేండ్లు కొండల్ల ఉరికినోళ్లు. మళ్ల మొదటి లెక్కకు రావడానికి రెండు వారాలకు దగ్గర పట్టింది.

మామ: 166 కిలోమీటర్లు! నా పోరగాండ్లు ఉరికేది 1600 మీటర్లు బిడ్డా. ఆల్ప్స్ కొండల ముచ్చట తెచ్చి చెన్నూరు గ్రౌండుల ఎట్ల పెడ్తవు?

మేనకోడలు: పరీక్షల 1600. నువ్వు ఉరికిచ్చేది ఎంత? ఆదివారం గోదారి దాక పోయి రమ్మంటవు, సోమవారం ఎనిమిది రౌండ్లు, మంగళవారం పొద్దుగాల లాంగ్ జంప్ పిట్‌ల దింపుతవు.

మామ: దమ్ము రావద్దా మరి? సరే, నీ కుర్చీ లెక్క నీకుండనియ్యి. నా టేపు లెక్క చెప్త ఇను. పొద్దుగాల ఒళ్లు సల్లగున్నప్పుడు 3.80 దుంకే పోరడు ఉన్నడు. ఆడే 1600 టైముల ఉరికి, పది నిమిషాలు అటిటు తిరిగి వచ్చి దుంకితె 4 మీటర్లు దాటుతడు. ఒక్కడు కాదు, మంచిగ తయారైన పోరగాండ్లు శానమంది గంతే. నువ్వన్నట్టు ఉరికితె బలం పోయేదైతె ఆడు ఎనుకకు రావాలె గద. మరి ముంగటికెట్ల పోతున్నడు?

ఇక్కడ మామను మెచ్చుకోకుండా ఉండలేను. శాస్త్రం చదవకపోయినా, టేపు పట్టుకుని రోజూ ఇసుకలో మడిమె గుర్తులు చూసిన మనిషి తన కంటిని తాను నమ్మాడు. ఈ సంగతిని ప్రయోగశాలలు తేల్చింది ఈ ఇరవై పాతికేళ్లలోనే.

మేనకోడలు: నువ్వు చూసింది నిజమే మామా. కాదని అంటలేను. ఫిన్లాండుల పేరున్న దూరపు రన్నర్లను ఇగ ఉరకలేమనేదాక ఉరికిచ్చి, ఎంటనే నిలబడ్డ కాడ ఎగిరిచ్చిన్రు. 2006ల అచ్చయింది. ఎత్తు తగ్గుతదనుకుంటె పెరిగింది. స్పెయిన్‌ల గూడ దమ్మున్న రన్నర్లల్ల గిదే కనవడ్డది. దీన్ని పొటెన్షియేషన్ అంటరు.

మామ: పేరు ఏదన్న పెట్టుకోండ్రి. ఎట్ల అయితదో చెప్పు.

మేనకోడలు: కండ బిగువాలంటె లోపల కాల్షియం విడుదల కావాలె. ఉరికేటప్పుడు అది మళ్ల మళ్ల విడుదలైతది. ఆ కాల్షియం ఇంకో పని గూడ చేస్తది. కండను గుంజే మయోసిన్ అనే ప్రొటీన్ మెడ కాడ ఒక చిన్న ముక్క ఉంటది. ఒక ఎంజైము దానికి ఫాస్ఫేట్ అతికిస్తది. అతికినంక మయోసిన్ తల పక్క తీగకు దగ్గరికి జరుగుతది. అప్పుడు అంతే కాల్షియానికి ఎక్కువ గుంజుతది, తొందరగ గుంజుతది. ఆ ఊపు కొన్ని నిమిషాలుంటది. కండ వేడెక్కినందుకు వచ్చే లాభం దానికి తోడైతది.

మామ: అంటె నేను చెప్పిందే కదా. అలిసేదాక ఉరికితె కాలు బలపడ్తది!

మేనకోడలు: ఆగు మామా. ఉరికిన కాలుల రెండూ ఒక్కసారే నడుస్తయి. అలుపు కిందికి గుంజుతది, ఈ ఊపు మీదికి లేపుతది. ఏది గెలుస్తదన్నది మనిషిని బట్టి, ఉరికిన తీరును బట్టి. కెనడాల 2000ల చూసిన్రు. దూరం ఉరికేటోళ్ల పిక్కల్ల, అంటె వాళ్లు తయారుచేసుకున్న కండల్ల, ఈ ఊపు కసరత్తు లేనోళ్లకన్న ఎక్కువున్నది. అలుపును తట్టుకునే గుణం వాళ్ల కండకు ఏండ్లమీద వచ్చింది, అందుకే ఊపు పైకి కనవడ్తది. నీ దగ్గర రెండేండ్ల సంది ఉరుకుతున్న పోరడు 4 మీటర్లు దాటుతున్నడంటె గిందుకే. మరి నోటిఫికేషన్ పడ్డంక వచ్చి జతకలిసిన పోరగాండ్లు? వాళ్లు 1600 ఉరికినంక ఎంత దుంకుతున్నరు?

మామ: వాళ్లా... వాళ్లకు కాళ్లు లేవయ్. పలక మీద అడుగు పడంగనే మోకాలు వంగిపోతది.

మేనకోడలు: అదే చెప్తున్న. వాళ్లకు ఊపు రాదని కాదు, వచ్చిన ఊపును అలుపు మింగుతది. ఒక్క రౌండు 109 సెకన్ల లోపు పోవాలంటె మంచిగ తయారైనోనికి ఇంకా దమ్ము మిగుల్తది. కొత్తోనికి అదే పానం మీదికి తెచ్చే ఉరుకుడు. గడియారంల టైము ఒకటే, ఇద్దరి కాళ్ల మీద పడే బరువు ఒకటి కాదు.

మామ: మరి నీ కుర్చీ లెక్కల 35 శాతం తగ్గింది, ఫిన్లాండు లెక్కల పెరిగింది. రెండు నిజాలెట్ల అయితయి?

మేనకోడలు: కొలిచిన పనే వేరు మామా. కుర్చీల కూసుండి కాలుతోని తన్నుడుల ఉన్న సత్తువంత పెట్టి ఆపి పట్టాలె. ఎగురుడుల అట్ల కాదు. కిందికి వంగినప్పుడు కండ, దాన్ని ఎముకకు కట్టే టెండన్ సాగి స్ప్రింగు లెక్క ఎనుకకు కొడ్తయి, సెకనుల పావు వంతుల పనైపోతది. అలిసిన కాలు మొదటి దాంట్ల తొందరగ బయట పడ్తది, రెండోదాంట్ల శానసేపు దాస్తది. నీ పోరడు మంచిగ దుంకిండని ఆని తొడల బలం మొత్తం ఉన్నట్టు కాదు. దూరం గూడ వేరు. ఆ ఎగిరే లెక్కలు నిమిషాల ఉరుకుడువి. ఆల్ప్స్ లెక్క ఒక రోజు, రోజున్నర ఉరుకుడుది.

మామ: అయితె దూరం పెరిగినకొద్ది బలం తగ్గుకుంట పోతదన్నట్టు.

మేనకోడలు: నేను గూడ అట్లనే అనుకునేదాన్ని. కాదట. ఇటలీల 330 కిలోమీటర్ల కొండ పోటీ ఉన్నది, 24 వేల మీటర్ల ఎక్కుడు, రోజులకు రోజులు నిద్ర లేకుంట పోతరు. మోఁ బ్లాఁ పోటీకి రెండింతల దూరం. మరి బలం తగ్గింది ఎంత? తొడల 24 శాతం, పిక్కల 26 శాతం. తక్కువ దూరం పోటీకన్న తక్కువ.

మామ: నమ్మబుద్ధి అయితలేదు.

మేనకోడలు: నిద్ర లేనోడు గట్టిగ ఉరకలేడు, మెల్లగ పోతడు. అంత దూరం ఉన్నదని మొదటి సంది ఆపుకుంట పోతడు. కండను చంపేది ఉత్త దూరం కాదు, ఆ దూరాన్ని ఎంత వేగంగ మింగినవన్నది. నువ్వు అలిసినంక ఇంకో రౌండు గట్టిగ కొట్టమంటవు చూడు, ఆ రౌండే ఖరీదైంది.

(చదివేవాళ్లకు ఒక మాట. బలం పెరగాలంటే కండను కష్టపెట్టాల్సిందే. అందులో మామ పొరపడలేదు. కష్టం ఎక్కడ ఆగాలి, మళ్లీ ఎప్పుడు మొదలవ్వాలి అన్నదగ్గరే ఇద్దరికీ పేచీ.)

మామ: సరే, బలం తగ్గుతదనుకుందాం. ఏడికి పోతది అది? కండ కరిగిపోతదా?

మేనకోడలు: ఒక్క రోజుల కండ కరగదు. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటున్నది. మనిషి మొత్తం సత్తువ పెట్టి కాలు తన్నుతున్నప్పుడే, గజ్జ కాడ తొడ నరానికి చిన్న కరెంటు దెబ్బ ఇస్తరు. మెదడు పంపే ఆర్డరు పూర్తిగ వస్తున్నదనుకో, ఆ దెబ్బకు బలం ఇంకేం పెరగదు. పెరిగిందంటె కండల ఇంకా బలం మిగిలే ఉన్నది, పైనుంచి ఆర్డరే సక్కగ వస్తలేదన్నట్టు. ట్రెడ్‌మిల్ మీద 24 గంటలు ఉరికిన పన్నెండు మందిని గిట్ల చూసిన్రు. తొడ బలం 41 శాతం తగ్గింది. అందుల పెద్ద వంతు కండ తప్పు కాదు, ఆర్డరు తప్పు.

మామ: పొలం కాడ మోటరు మంచిగనే ఉంటది, కరెంటు లో ఓల్టేజీ వస్తె నీళ్లు ఎక్కయి. గట్లన్నట్టు.

మేనకోడలు: గట్లనే. ఓల్టేజీ తగ్గిచ్చేది గూడ కండనే. నొప్పి, వేడి, లోపల పేరుకునే రసాయనాలు, వీటి కబురు సన్న నరాల మీదికెళ్లి ఎన్నుపాముకు, మెదడుకు పోతది. ‘ఇంకా గుంజితె చెడిపోత’ అని. మెదడు ఆర్డరు తగ్గిస్తది. డెన్మార్కుల సైకిలు తొక్కేటోళ్ల మీద చూసిన్రు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలకు పోయినంక కాలు ఆపి పట్టే బలం పడిపోయింది, కండ అంత చెడకున్నా. మన రామగుండం, మంచిర్యాల ఎండలు నీకు ఎరుకే. ఏప్రిల్, మే నెలల్ల ఏడు దాటినంక ఉరికిచ్చినవనుకో, ఆ పోరడు వొళ్లొంచుతలేడని తిట్టకు. ఆని మెదడు ఆన్ని కాపాడుతున్నది.

మామ: నేను ఎండల ఉరికియ్య. అయిదింటికే మొదలు పెడ్త. సరేగని లాక్టిక్ యాసిడ్ సంగతి చెప్పు. కాళ్లల్ల అది పేరుకపోతె మరునాడు మళ్ల ఉరికితె కరుగుతదని మేము ట్రైనింగుల చదువుకున్నం. అందుకే సోమవారం ఎనిమిది రౌండ్లు పెడ్త.

మేనకోడలు: ఆ పాఠం పోయింది మామా. ఉరుకుడు ఆపినంక గంటసేపట్ల లాక్టేటు మామూలు లెక్కకు వస్తది. గుండె, కండలు దాన్ని తిండి లెక్క వాడుకుంటయి. మరునాడు, ఎల్లుండి తొడలు పట్టేసినట్టుండేది దానితోని కాదు. కండ సాగుకుంట బరువు ఆపినప్పుడు లోపల సన్నగ చినుగుతది, వాపు వస్తది. నొప్పి 24 గంటల నుంచి 72 గంటల మధ్యల ఎక్కువుంటది. గుట్ట దిగేటప్పుడు, గట్టి రోడ్డు మీద దబదబ అడుగులు పడ్డప్పుడు ఈ దెబ్బ శాన తగుల్తది. సోమవారం రౌండ్లు కొట్టిస్తె అది కరగదు, చినిగిన కాడనే మళ్ల గుంజినట్టయితది.

మామ: అంటె గోదారి రన్నింగ్ తప్పంటవా? రోడ్డు మీద పోతరు, ఒడ్డుకు పోయినంక ఇసుకల గూడ ఉరుకుతరు.

మేనకోడలు: ఇసుక ముచ్చట మంచిగ తీసినవు. నీ ఇసుక మంచిది మామా. గట్టి నేల మీద కన్న ఇసుకల ఉరికితె ఒకటిన్నర రెట్లకు పైన శక్తి ఖర్చయితదని బెల్జియంల కొలిచిన్రు. అడుగు కిందికి దిగబడ్తది, పైకి గుంజాలె. కష్టం ఎక్కువ, దెబ్బ తక్కువ. నీ పోరగాండ్ల పిక్కలు అంత గట్టిగున్నయంటె నేనైతె ఆ ఇసుకకే మొక్కుత. రోడ్డు తగ్గియ్యి, ఇసుక ఉంచు. ఏటవాలు ఒడ్డు మీద పక్కకు ఒరిగి మాత్రం ఉరికియ్యకు, ఒక్క మడిమె మీదనే బరువు పడ్తది.

మామ: ఒక్కటన్న ఒప్పుకున్నవు. ఇంకోటి చూడు. ఆదివారం రన్నింగ్ అయినంక సోమవారం పొద్దుగాల వాళ్లను అడుగుత. ‘నొప్పి లేదు సార్’ అంటరు. నొప్పి లేకపోతె బలం వచ్చినట్టే గద?

మేనకోడలు: గదే మోసం. కండను గట్టిగ, తొందరగ గుంజమంటె మంచిగనే గుంజుతది. మెల్లగ, నిబ్బరంగ గుంజమంటె బలం రాదు. ఇది 1970ల సందే ఎరుక. ఆర్డరు అందుతది కని లోపల కాల్షియం సరిగ విడుదల కాదు. ఈ లోటు నొప్పి లేకుంట గూడ రోజులుంటది. అందుకే ఒక్క దుంకుడు మంచిగ పడ్డ పోరడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటడు. నువ్వు నొప్పి అడుగకు మామా, మెట్లు దిగమను. మోకాలు ఒణుకుతున్నదా చూడు. ఇంగ కండల తిండి నిల్వ, అది అన్నం, మక్క గటుక, జొన్నరొట్టె తింటెనే వస్తది. పొద్దుగాల ఏం తినకుంట వచ్చి, ఉరికి, ఛాయ తాగి పోయే పోరగాండ్లకు రెండు రోజులైనా నిల్వ నిండదు.

మామ: అది నేను గూడ చెప్త. కొందరికి ఇంట్ల ఉండాలె గద బిడ్డా.

మేనకోడలు: ఎరుకే మామా. అందుకే పెద్ద రన్నింగ్ ఉన్న నాడన్న గ్రౌండు కాడ గుడ్లు, అరటిపండ్లు పెట్టే ఏర్పాటు చేద్దాం, నేను గూడ ఒక చెయ్యేస్త. ఆడపిల్లల సంగతి ఇంకోటి. 800 మీటర్లకు కాళ్లు కొట్టుకుంటున్నయంటె కండ తప్పే అనుకోకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్ల మన రాష్ట్రంల సగం కన్న ఎక్కువమంది ఆడోళ్లకు రక్తం తక్కువున్నది. కండకు గాలి మోసేది రక్తమే. వాళ్లకు రౌండ్లు పెంచకముందు రక్త పరీక్ష చేయించు. సర్కారు దవాఖాన్ల అయితది.

మామ: మంచి మాట. అది చేయిస్త. బలం పెంచాలంటె మరి ఉరికియ్యద్దంటవు, ఏం చెయ్యమంటవు?

మేనకోడలు: ఉరికియ్యద్దనలేదు. ఉరుకుడుల కొంత తీసి బలం పని పెట్టమంటున్న. ఫిన్లాండుల దూరపు రన్నర్లతోని తొమ్మిది వారాలు చేయించిన్రు, 1999ల అచ్చయింది. ట్రైనింగు టైముల మూడో వంతుకు దగ్గర ఉరుకుడు తీసేసి, దుంకుడ్లు, చిన్న చిన్న స్ప్రింట్లు, తక్కువ బరువుతోని జోరుగ చేసే కసరత్తు పెట్టిన్రు. దమ్ము లెక్క పెరగలేదు. అయినా 5 కిలోమీటర్ల టైము తగ్గింది. అడుగు నేల మీద ఆగే సేపు తగ్గింది, తన్నుడు గట్టిపడ్డది.

మామ: బరువులెత్తితె ఒళ్లు బరువెక్కుతది. నా పోరగాండ్లు పహిల్వాన్లు కావద్దు.

మేనకోడలు: వారానికి రెండుసార్లు, నాలుగైదు గుంజుడ్లు చొప్పున ఎత్తితె ఒళ్లు పెరగదు మామా, వారమంత ఉరికే మనిషికైతె అసలే పెరగదు. పెరిగేది నరం కండకు ఇచ్చే ఆర్డరు. జిమ్ము ఎందుకు? సంచిల ఇసుక పోసి భుజం మీద పెట్టి గుంజీళ్లు తీయించు. అదీ లేకుంటె ఒకన్ని ఒకడు వీపు మీద ఎత్తుకొని మెల్లగ వంగి లేవాలె. షాట్‌పుట్‌కు గూడ అదే పనికొస్తది. గుండు పోయేది చెయ్యి బలంతోని అనుకుంటరు, లేచేది తొడల కాడ.

మామ: అది నిజం. చెయ్యితోని ఎంత నూకినా ఆరు మీటర్లు రాదు. నడుము తిరగాలె, కాలు తన్నాలె.

ఈ మాటల దగ్గర ఇద్దరూ ఒకే గ్రౌండులో నిలబడ్డట్టు కనిపిస్తారు. కానీ పరీక్ష వరుస గురించి మాట రాగానే మళ్లీ విడిపోయారు.

మేనకోడలు: నాకు అసలు ఈ వరుసనే నచ్చది మామా. ఆడోళ్ల హెప్టాథ్లాన్ చూడు, ఏడు ఆటలు. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు ఒక రోజు. లాంగ్ జంప్, జావెలిన్ రెండో రోజు. అన్నిటికన్న ఆఖరికి 800 మీటర్లు. మన తెలంగాణ పిల్ల అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్ల కాంస్యం తెచ్చింది ఆ వరుసలనే. మొగోళ్ల డెకాథ్లాన్‌ల గూడ 1500 ఆఖరికే. పానం తీసే ఉరుకుడు ఎనుకకు పెట్టిన్రంటె కారణం ఉండాలె గద. మన కాడ అదే ముంగట పెడ్తరు.

మామ: అది ఆట బిడ్డా, ఇది పోలీసు కొలువు. దొంగ ముంగట ఉరుకుతడు, ఎనుక నువ్వు ఉరుకుతవు, ఆడు గోడ దుంకుతడు. ‘ఆగురా, ముంగట నేను దుంకి, ఎనుక ఉరుకుత’ అంటవా? ఉరికి అలిసినంక దుంకగలిగినోడే పోలీసు కావాలె. నాకైతె ఈ వరుసనే కరెక్టు.

మేనకోడలు: దానికి నేను ఏం అన. కొలువుకు ఏం కావాల్నో అదే చూడాలె, ఒప్పుకుంట. కని నువ్వే చూసిన పది నిమిషాల సంగతి మర్చిపోకు. ఊపు ఉండేది కొన్ని నిమిషాలే. వేలమంది వచ్చే కాడ ఎత్తు కొలిచే బారుల ఒకడు పావుగంట నిలబడ్తడు, ఇంకోడు రెండు గంటలు. రెండోనికి ఊపు పోతది, కండ సల్లబడ్తది, కూసుంటె పిక్క పట్టేస్తది. పోరగాండ్లకు అది నేర్పు. ఉరికినంక నేల మీద పడిపోవద్దు, అయిదు నిమిషాలు నడవాలె. నీళ్లు గుటక గుటక తాగాలె. బారుల ఉన్నంతసేపు మడిమెలు లేపుకుంట ఉండాలె. వాళ్ల నంబరు దగ్గరికి రాంగనే చిన్నగ జాగింగ్, రెండు మూడు పొడుగు అంగలు, నాలుగైదు ఎగురుడ్లు. పోయిన ఊపును అట్ల మళ్ల తెచ్చుకోవచ్చు. ప్రాక్టీసుల గూడ ఒకనాడు ఉరికినంక పది నిమిషాలకు దుంకిపియ్యి, ఒకనాడు గంట ఆగి దుంకిపియ్యి. రెండు లెక్కలు రాసిపెట్టు.

మామ: రాస్త. పేరు పేరున రాస్త. నోట్‌బుక్కుల ఇప్పటిదాక టైములే ఉన్నయి, దుంకుడ్లు రాయలె.

మేనకోడలు: కొత్తోళ్లకు, పాతోళ్లకు వేరు వేరు పేజీలు. ఒకే రన్నింగ్ ఇద్దరికీ పెట్టకు. పాతోడు 1600 మొత్తం టైముల ఉరికి దుంకొచ్చు. కొత్తోడు 800 ఉరికి దుంకాలె. నెలైనంక 1200. కాలు అలుపును తట్టుకునుడు నేర్చుకున్నకొద్ది దూరం పెంచు. ఒకసారి చినిగి మానిన కండ రెండోసారి అంత చినగదు. పని మెల్లమెల్లగ పెంచితె కండ అట్లనే గట్టిపడ్తది.

మామ: అంటె నేను చెప్పిందే కదా మళ్ల? కష్టపడ్డ కాలే గట్టి కాలు.

మేనకోడలు: కష్టపడి మానిన కాలు మామా. మానక ముంగటనే మళ్ల కొట్టిన కాలు కాదు.

మామ: సరే. ఆదివారం గోదారి రన్నింగ్ మాత్రం నేను తియ్య. అది ఉత్త దమ్ము కోసం కాదు. పొద్దుగాల చీకట్ల అందరు కలిసి పోయి ఇసుకల ఉరికి వస్తె ఆ పోరగాండ్లల్ల ఒక తెగువ వస్తది. పరీక్ష నాడు ఆఖరి రౌండుల పనికొచ్చేది అదే. నీ కుర్చీ దాన్ని కొలువలేదు.

మేనకోడలు: తియ్యమని నేను ఎప్పుడన్న? సోమవారం ఎనిమిది రౌండ్లు తియ్యి, ఉత్త నడక పెట్టు. మంగళవారం ఇసుక సంచుల పని. దుంకుడు గురువారానికి జరుపు.

మామ: గురువారం దాక ఆగితె లాంగ్ జంప్ వారానికి ఒక్కసారే అయితది. పలక మీద అడుగు పడుడు మర్చిపోతరు. బుధవారం.

మేనకోడలు: బుధవారమే కానియ్యి. కని మంగళవారం సంచుల పని తేలికగ ఉండాలె. బుధవారం పొద్దుగాల గ్రౌండు మెట్ల మీదికెళ్లి అందర్ని దించి చూడు. మోకాలు ఒణికినోన్ని ఆ రోజు పిట్‌ల దింపకు, ఆడు ఎంత బతిమాలినా.

మామ: నా అక్క కొడుకు ఉన్నడు ఆ బ్యాచుల. ఆడైతె ఒణికినా ఒణుకుతలేదంటడు.

మేనకోడలు: మా తమ్ముడేనా? ఆన్ని ముంగట దించు.